పొట్టు

పొద్దున్నే దుప్పటి దులిపితే
కిటికీలోంచి పడే ఎండ చీలికలో
మా నాన్న కాసేపు ఎగిరేవాడు.

అమ్మ దాన్ని పొట్టు అనేది.
"ఇయ్యాళ పొట్టు ఎక్కువుంది, చలి ముదిరింది" అని
వాతావరణం చెప్పినట్టు చెప్పి
ఈతాకు చీపురుతో గడప దాటించేది.
అన్ని ఇళ్ళల్లోనూ నాన్నలు రాలతారనే
చాలాకాలం అనుకున్నాను.

గుంటూరు మిర్చి యార్డులో, కాటా దగ్గర పని.
శౌరయ్య అంటే ఎవరికీ తెలీదు.
చేప శౌరి అంటే
గేటు దగ్గర టీ కొట్టతను కూడా చెయ్యెత్తి చూపించేవాడు.
మే నెలలో హమాలీల వీపులు
ఉప్పు చారలతో మెరుస్తుంటే
నాన్న చొక్కా మాత్రం
ఇస్త్రీ బండి మీంచి అప్పుడే తెచ్చినట్టుండేది.
"చెమట పట్టని మారాజు" అని నవ్వేవాళ్ళు.
చెమట పట్టకపోవడమంటే
లోపలి పొయ్యికి పొగగొట్టం లేకపోవడమని
ఆయన తడిపిన గోతం మీద కప్పుకుని
టిక్కీల నీడన రొప్పుతుంటే చూసిన రోజు
నాకు తెలిసింది.

మిర్చి ఘాటు పగుళ్ళలోకి దిగితే
ఎట్లా ఉంటుందో ఎప్పుడూ చెప్పలేదు.
మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని
రేడియోలో వార్తలు వినేవాడు, అంతే.

నాకు పదో నెలలో మొదలైందట.
పిక్కల మీద చిన్న చిన్న పొలుసులు.
నాయనమ్మ నా కాలు దీపం దగ్గరకి లాగి చూసి
"నా కొడుకు కాలే" అందట.
సంతోషంగా అందో ఏడుస్తూ అందో
అమ్మ ఒక్కోసారి ఒక్కోరకంగా చెప్పింది.
ఎవరి ముక్కు ఎవరికొచ్చిందని
చుట్టాలు పంచుకునేటప్పుడు
మా ఇద్దరి దగ్గరకొచ్చేసరికి మాట మారేది.

బడిలో చేతులు పట్టుకుని ఆడే ఆట ఒకటుండేది.
దాని గురించి ఇంతకంటే చెప్పను.

ఆదివారం రాత్రి నూనె.
నాన్న నా కాళ్ళకి, నేను నాన్న వీపుకి.
తడి ఆరకముందే రాయాలి, అదే మా ఇంటి విద్య.
అరచెయ్యి అరచేతికి తగిలితే గరగరమనేది,
రెండు గరుకు కాగితాలు
ఒకదాన్నొకటి నున్నగా చేసుకోబోయినట్టు.

విభూది బుధవారం గుడిలో
అందరి నుదుటి మీదా బూడిద.
ఏడాదికి ఆ ఒక్కరోజు
మేం మామూలుగా ఉండేవాళ్ళం.
వానాకాలం ఇంకా నయం.
అరండల్‌పేట మోకాల్లోతు మునిగి
ఊరంతా తిట్టుకుంటుంటే
మా చర్మాలు మెత్తబడి
పరాయివాళ్ళ చర్మాల్లా మంచం మీద పడుకునేవి.

మొన్న రేషన్ డిపోలో వేలు పెట్టాను.
ఎర్ర దీపం.
ఇంకో వేలు. ఎర్ర దీపం.
"చేతులు కడుక్కుని రామ్మా" అన్నాడు కుర్రాడు.
కడుక్కునొచ్చాను.
పది వేళ్ళూ అయిపోయాక కూడా
మిషన్‌కి నేనెవరో తెలీలేదు.
వెనక వరసలో ఎవరో సంచి విసురుగా మార్చుకున్నారు.

నాన్నకీ ఇట్లాగే.
కాటా పుస్తకంలో ఆయన ముద్ర
ఎప్పుడూ సిరా మరకలాగే పడేదట.
"ఇది వేలా, నెర్రెలిచ్చిన చేనా" అన్నాడట గుమస్తా.
ఆ సాయంత్రమే పలక కొనుక్కొచ్చాడు.
ముప్పై నాలుగేళ్ళ మనిషికి
శకి ఔత్వం కుదరడానికి వారం పట్టింది.
తర్వాతెప్పుడూ వేలు ఇవ్వలేదు ఎవరికీ.

కుర్రాడి జేబులోంచి పెన్ను తీసుకుని
రిజిస్టరులో నా పేరు రాశాను,
ఇంటిపేరుతో సహా,
మొదటి అక్షరం నాన్నలాగే గీత దాటేంత పెద్దగా.
అది చెల్లదన్నాడు. తెలుసన్నాను.
కళ్ళు చూసే మిషన్ సోమవారం వస్తుందట.

నాన్న పోయి రెండేళ్ళు.
ఇప్పుడు నా దుప్పటి నేనే దులుపుకుంటాను,
అదే కిటికీ దగ్గర.
అమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి
ఎండలోకి చూస్తుంది.
"ఇయ్యాళ తక్కువుందే" అంటుంది,
కొంచెం వెలితిగా.